పడుకున్న కత్తి, తిరిగే కత్తి

కోతలు కొయ్యడంలో నాకు ముప్పై ఏళ్ళ అనుభవం. కాగితం కొయ్యడంలో మాత్రం, సూరత్ పక్కన కిమ్ అనే ఊళ్ళో ఒక పేపరు మిల్లులో మెయింటెనెన్స్ చూసుకునే పనికి చేరేనాటికి, ఒక్క పూట అనుభవం కూడా లేదు. అంతకు ముందు హజీరాలో టర్బైన్ల దగ్గర పనిచేసేవాణ్ణి. ఇంటర్వ్యూలో మిల్లు యజమాని సేఠ్‌గారు, "రోటరీ కట్టర్ తెలుసా సాహెబ్?" అని అడిగితే, "నా బతుకంతా బ్లేడ్లతోనే గడిచింది సేఠ్‌జీ" అన్నాను. అది అబద్ధం కాదు. టర్బైన్‌లోనూ బ్లేడ్లుంటాయి. కాకపోతే అక్కడి బ్లేడు దేన్నయినా తాకిందంటే కొంప మునిగినట్టు. ఇక్కడి బ్లేడు తాకీ తాకనట్టు తాకకపోతే పని జరగనట్టు. ఈ చిన్న తేడా నాకు ఉద్యోగంలో చేరిన మర్నాడు తెలిసింది.

ఆ మిల్లులో చిత్తుకాగితాలు నానబెట్టి, రుబ్బి, పల్చగా పరిచి, ఆరబెట్టి అట్ట తయారు చేస్తారు. మన దోసెల వ్యవహారమే, కొంచెం పెద్ద పెనం మీద. సూరత్ చీర కొన్నప్పుడు మడత లోపల బూడిదరంగు అట్ట ఒకటి ఉంటుంది చూడండి, ఎందుకైనా పనికొస్తుందని బీరువా మీద దాచి, ఎందుకూ పనికిరాదని ఏడాది తర్వాత పారేస్తామే, అది మాదే. చీర గురించి మాట్లాడని ఆడవాళ్ళు ఉండరు. ఆ అట్ట గురించి మాట్లాడినవాళ్ళు నాకింతవరకూ కనిపించలేదు. అందుకే నేనే మాట్లాడుతున్నాను.

మిషన్ మీద ఆ అట్ట ముందు పెద్ద చుట్టగా వస్తుంది. దాన్ని ముక్కలు చేసేది రోటరీ కట్టర్. అందులో కత్తులు రెండు. కింది కత్తి కదలదు. మిషన్‌కి అడ్డంగా ఈ చివర నుంచి ఆ చివరదాకా హాయిగా పడుకుని ఉంటుంది. పై కత్తిని ఒక పెద్ద డ్రమ్ముకి బిగిస్తారు. డ్రమ్ము తిరుగుతుంటే అదీ తిరిగి వచ్చి, చుట్టుకొక్కసారి కింది కత్తి అంచుని ఒరుసుకుంటూ పోతుంది. మధ్యలో ఉన్న అట్ట తెగుతుంది. మా ఇంట్లోనూ ఇదే ఏర్పాటు. నేను పడుకుని ఉంటాను, మా ఆవిడ తిరుగుతూ ఉంటుంది, మధ్యలో ఏ పనయినా తెగిందంటే ఆ తిరిగేవాళ్ళ వల్లే.

ఈ రెండు కత్తుల మధ్యా ఎడం ఉన్నట్టూ ఉండాలి, లేనట్టూ ఉండాలి. ఎక్కువైతే అట్ట తెగకుండా మడతపడి, అంచు పీచుపీచుగా లేస్తుంది. తక్కువైతే కత్తి కత్తిని కొడుతుంది. ఒకవైపు ఎక్కువై ఇంకోవైపు తక్కువైతే అట్ట వంకర పోతుంది. దీన్ని సర్దడానికి కింది కత్తి పొడుగునా పదకొండు చోట్ల బోల్టులుంటాయి. ప్రతి చోటా ఒకటి కత్తిని ముందుకు నెట్టేది, ఒకటి వెనక్కి లాగేది. ఆ రెండూ ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటూ కత్తిని నిలబెడతాయి. సర్దడం అయ్యాక పైన ఇంకో నట్టు బిగించి పోట్లాట ఆపాలి.

చేరిన మర్నాడు నేను చేతిలో లావుపాటి పుస్తకం పట్టుకుని కట్టర్ ముందు నిలబడ్డాను. బొమ్మలో ఉన్నది మిషన్‌లో లేదు. మిషన్‌లో ఉన్నది బొమ్మలో లేదు. ముఖం గంభీరంగా పెట్టుకుని పేజీలు తిప్పుతుంటే, అవతల బల్ల దగ్గర్నుంచి ఒకామె వచ్చి నా పక్కన నిలబడింది.

"సారు, గా పుస్తకం ఈ మిషిన్‌ది కాదు. మీరొచ్చే ముందుగాల అమ్మేసిన మిషిన్‌ది."

అంతసేపూ చూసి ఇప్పుడు చెప్పావేమిటమ్మా అన్నాను.

"సారు సదువుతున్నరు గదా అని ఆగిన."

ఆమె కట్టర్ చివర బల్ల దగ్గర పనిచేసేది. వచ్చిన అట్టల్ని సర్ది, లెక్కపెట్టి, కట్టలు కట్టే నలుగురు ఆడవాళ్ళలో పెద్దామె. తెలంగాణ మనిషి. ఆమె చిన్నప్పుడే వాళ్ళ నాన్న మగ్గం పని వెతుక్కుంటూ సూరత్ వచ్చేశాట్ట. సూరత్‌లోనే లింబాయత్‌లో ఉండేది, పొద్దున పాసింజర్‌లో కిమ్ వచ్చేది. మిల్లులో గుజరాతీవాళ్ళూ, బీహారువాళ్ళూ, ఒడియావాళ్ళూ అందరూ ఆమెని 'అక్కా' అని పిలిచేవాళ్ళు, అదే ఆమె పేరనుకుని. సేఠ్‌గారయితే మర్యాదగా, గుజరాతీలో అక్కాచెల్లెళ్ళని పిలిచే 'బెన్' కూడా కలిపి 'అక్కాబెన్' అనేవారు. నేను ఆమెకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. అయినా నేనూ అక్కా అనే మొదలుపెట్టాను. వయసు తగ్గించుకునే అవకాశం ఉత్తినే వస్తే ఎవరు వదులుకుంటారు.

కట్టర్ నడిపే ఆపరేటర్ అంతకు ముందు నెలలోనే అంకలేశ్వర్‌లో వేరే పని చూసుకుని వెళ్ళిపోయాడు. ఆ చోటు ఖాళీ. ఎవరొస్తే వాళ్ళని నిలబెట్టి నెట్టుకొస్తున్నారు. నేను చేరిన నెలకి, ఒక మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు కడుక్కునే చోట అక్క నన్ను పట్టుకుంది.

"సారు, ఒక మాట. కట్టర్ పని నాకు ఇప్పియ్యరాదు."

"ఆపరేటర్ పనా?"

"ఆఁ. పన్నెండేండ్ల సంది వాళ్ళు కోసిన వంకరలు నేను సదురుతున్న. వంకరొస్తున్నది, ఎడమ దిక్కు సూడండ్రి అంటె ఒక్కడు ఇనలె. నువ్వు లెక్కవెట్టుకో అంటరు. లెక్కవెట్టీ లెక్కవెట్టీ నాకు యాష్టకొచ్చింది. ఒక్కపారి నేనే సక్కగ కోసి సూడాల్నని ఉన్నది."

ఆ మాట ఆమె ఎంత మామూలుగా అందంటే, చెయ్యి తుడుచుకుంటూ, డబ్బా మూత బిగిస్తూ, నేను అక్కడికక్కడే సరేనన్నాను. సరేననడంలో నా వేగం మా ఇంట్లో అందరికీ తెలిసిందే. సరే అన్నాక ఏం చెయ్యాలో ఆలోచించడంలోనే ఆలస్యం.

సేఠ్‌గారు చెడ్డమనిషి కాదు. ఇంటి నుంచి తెప్లాలు, అదే మెంతిరొట్టెలు, తెచ్చి అందరికీ పంచే మనిషి. కానీ ఆడమనిషిని కట్టర్ మీద పెట్టడమంటే భయపడ్డారు. "చీర కొంగు డ్రమ్ములో పడితే ఎవరిది జవాబుదారీ సాహెబ్?" అన్నారు. అది న్యాయమైన ప్రశ్నే. అక్క దగ్గర జవాబు తయారుగా ఉంది. "చీర తోని ఎవరొస్తరు సేఠ్, డ్రెస్ ఏసుకొస్త" అంది, హిందీలో. సేఠ్‌గారు కాసేపు బుర్ర గోక్కున్నారు.

"వాపీ నుంచి ఒకతను దసరా వెళ్ళాక సోమవారం వస్తానన్నాడు. మంచి ఆపరేటరే. వచ్చేవారం గురువారం దసరా, మిషన్లకి పూజ. శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి అక్కాబెన్ కట్టర్ నడపాలి. కత్తి ఆమే సెట్ చెయ్యాలి. అట్టలు చదరంగా వస్తే పని ఆమెది. రాకపోతే వాపీ అతనిది. తర్వాత నా దగ్గరికి ఎవరూ రావద్దు."

"నేను తయారు చేస్తాను సేఠ్‌జీ" అన్నాను. ఇది నా రెండో కోత.

దసరాకి పది రోజులుంది. నేర్పడమంటే ఏముంది, పొద్దున రైల్లో వస్తూ కట్టర్ల గురించి నేను చదివింది మిల్లులో ఆమెకి చెప్పడం, మధ్యాహ్నానికి ఆమె అందులో తప్పు పట్టుకోవడం. ఎడం కొలవడానికి నా దగ్గర ఫీలర్ గేజ్ ఉండేది. జేబులో పట్టే విసనకర్రలాగా సన్నని ఉక్కురేకుల కట్ట. ఒక్కో రేకుదీ ఒక్కో మందం. ఏ రేకు దూరితే అంత ఎడం అన్నమాట. నేను కళ్ళజోడు సర్దుకుని, రేకు వెతికి, దూర్చి, దూరక, ఇంకోటి వెతికేలోపు ఆమె మెయిన్ స్విచ్ ఆపి తాళం వేసి, తాళంచెవి నడుముకి దోపుకుని, రెండు కత్తులు కలిసే చోట వేలు పెట్టి మెల్లగా ఈ చివర నుంచి ఆ చివరికి జరిపేది.

"మూడో బోల్టు కాడ పోగంత ఎక్కువున్నది సారు."

నేను గేజ్ పెట్టి చూస్తే నిజంగానే ఎక్కువుండేది. ఆమె లెక్కలో పోగు అంటే ఎంతో కొలిచి, నా రేకుల్లో అది ఏ రేకో గుర్తుపెట్టుకున్నాను. ఆ తర్వాత ఎప్పుడు చూసినా అదే రేకు. పోగులో తేడా రాలేదు.

ఎలా తెలుస్తుందని అడిగితే చెప్పింది. చిన్నప్పుడు వాళ్ళ నాన్న దగ్గర మగ్గం మీద అచ్చు అతికేదట. పాత పడుగు అయిపోతే, దాని ప్రతి పోగుకీ కొత్త పోగు మెలిపెట్టి కలపాలి. వేల పోగులకి రెండే వేళ్ళు. "కండ్లతోని సూస్తె తెల్లారినా కాదు సారు. ఏలుకు ఎరుక గావాలె." ఆ మాటతో ఆమె ఏం చెప్పినా చెవి కోసుకునే స్థితికి వచ్చేశాను. కొయ్యడానికి ఆ మిల్లులో కత్తికి కొదవ కూడా లేదు.

బుధవారం మధ్యాహ్నం అక్క పదకొండు బోల్టులూ సర్దింది. సన్నని టిష్యూ కాగితం ముక్కలు ఒక్కో బోల్టు దగ్గరా పెట్టి, డ్రమ్ము చేత్తో తిప్పితే అన్నీ తెగాయి. పైనున్న నట్లు బిగించే పని మాత్రం నాకు అప్పగించింది. పెద్ద స్పానర్, చెయ్యి బలం కావాలి. రెండు చివరల నుంచి నడుముకి వస్తూ ఎనిమిది నట్లు బిగించాను. అప్పుడే సేఠ్‌గారి దగ్గర్నుంచి కబురొచ్చింది, రేపటి పూజ సామాను జాబితా చెప్పమని.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. దక్షిణాది నుంచి వచ్చినవాడికి మంత్రాలు వచ్చి తీరతాయని మా మిల్లులో అందరికీ ఒక గట్టి నమ్మకం. నేను దాన్ని ఖండించలేదు. గౌరవం ఊరికే వస్తుంటే చెయ్యి అడ్డం పెట్టడం నా స్వభావం కాదు. అలా నేను మిల్లుకి పురోహితుణ్ణయ్యాను. కొబ్బరికాయలు ఎన్ని, పసుపు ఎంత అని రాయిస్తూ కూర్చున్నవాణ్ణి, మిగిలిన మూడు నట్లూ మర్చిపోయి ఇంటికెళ్ళిపోయాను. ఐదు, ఆరు, ఏడు. సరిగ్గా కత్తి నడుము దగ్గర.

దసరా పొద్దున మిల్లంతా కడిగి, బంతిపూలు కట్టి, కట్టర్‌కి బొట్లు పెట్టారు. నేను పట్టుపంచె కట్టుకుని బాయిలర్ నుంచి మొదలుపెట్టి ప్రతి మిషన్ ముందూ నిలబడి గట్టిగా, రాగయుక్తంగా చదివాను. సేఠ్‌గారు కళ్ళు మూసుకుని చేతులు జోడించారు. సేఠ్‌గారి కొత్త టెంపోకి నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించాం. ఒక నిమ్మకాయ మిగిలింది. బాయిలర్ మనిషి ఆ మిగిలిన కాయ కట్టర్‌కి పెడదామన్నాడు. "కట్టర్‌కి చక్రం లేదుగా" అని ఇంకొకడు.

నేను నోరు మూసుకుని ఉండొచ్చు. ఉండలేదు.

"తిరిగేదల్లా చక్రమే" అన్నాను. నిమ్మకాయని కింది కత్తి మీద, నట్టనడుమ పెట్టి, కత్తులకి అడ్డంగా ఉండే రేకు గార్డు మూసి, డ్రమ్ముని అంగుళం అంగుళం తిప్పే బటన్ నొక్కాను. డ్రమ్ము బరువుగా కదిలింది. కత్తి దిగింది. నిమ్మకాయ తెగలేదు, నలిగింది. కాగితం కోసే కత్తికి నిమ్మకాయంటే కొండ. టక్కుమని ఒక చప్పుడు వచ్చింది. గార్డు సందులోంచి రసం చిమ్మి సగం సేఠ్‌గారి కళ్ళజోడు మీదా సగం నా కంట్లోనూ పడింది. జనం చప్పట్లు కొట్టారు. మంచి శకునమని సేఠ్‌గారు కళ్ళజోడు తుడుచుకుంటూ అన్నారు. అందరం దసరాకి అక్కడ తప్పనిసరిగా తినే ఫాఫ్డా జిలేబీల వైపు నడిచాం.

మూడో జిలేబీ నోట్లో ఉండగా అక్క పక్కకొచ్చి నిలబడింది. పండగ చీర కట్టుకుంది, జిలేబీ ముట్టుకోలేదు.

"సారు, నడుమల కత్తి జరిగింది."

"నీకెలా తెలుసు?"

"సప్పుడు ఇన్లేదా. అది నిమ్మకాయ సప్పుడు కాదు. ఇనుము సప్పుడు."

జిలేబీ ఒక్కసారిగా చప్పబడింది. ఇద్దరం వెనక్కి వెళ్ళాం. ఆమె స్విచ్ ఆపి తాళం వేసింది. నేను స్క్రూడ్రైవర్‌తో నిమ్మకాయ అవశేషాలు తీశాను. కత్తి అంచు పెచ్చు లేవలేదు, అదొక్కటే అదృష్టం. ఆమె అంచులు గుడ్డతో తుడిచి, నూనె రాసి, వేలు పెట్టి జరుపుకుంటూ పోయి ఆరో బోల్టు దగ్గర ఆగింది.

"ఐదారు పోగులు యెనుకకు పొయ్యింది."

నేను చెప్పేశాను. మూడు నట్లు బిగించలేదని, సామాను జాబితా ధ్యాసలో పడ్డానని. ఆమె నూనెగుడ్డ మడిచి పక్కన పెట్టింది. తిట్టినా బాగుండేదనిపించింది. పన్నెండేళ్ళ నుంచి ఎదురుచూసిన పొద్దు రేపు. దాన్ని నేను నిమ్మకాయతో నలిపేశాను. ఆమె నా వైపు తిరిగింది.

"సారు, ఒకటి అడుగుత. మీకు మంత్రాలొస్తయా?"

"రావు."

"మరి పొద్దటి సంది సదివింది ఏంది?"

తల వంచుకున్నాను. "పదమూడో ఎక్కం."

"నేను గట్లనే అనుకున్న. బాయిలర్ కాడ పదమూడార్లు ఎనబై ఎనిమిది అన్నరు. డెబ్బయి ఎనిమిది గదా సారు."

ఇద్దరం ఒకేసారి నవ్వాం. ఆమె నవ్వు ఆపుకోలేక డ్రమ్ము గార్డు పట్టుకుని వంగిపోయింది. మూడు టన్నుల మిషన్ ముందు పట్టుపంచెతో నిలబడి ఎక్కాలు తప్పు చదివిన పురోహితుణ్ణి ఆ రాష్ట్రంలో నన్ను తప్ప ఇంకెవర్నీ చూసి ఉండదు.

"సేఠ్‌గారికి చెప్పేస్తాను" అన్నాను. "తప్పు నాది. రెండ్రోజులు ఆగమంటాను."

"ఆగడు సారు. శుక్రారం కాదంటె సోమారం వాపీ ఆయన వస్తడు. నేను బల్లకాడికి పోత. మల్ల పన్నెండేండ్లు. చెప్పుడు తర్వాత చెప్పుండ్రి. ముందుగాల కత్తి సదురుదాం. ఐదింటి బండికి ఇంక శాన టైమున్నది."

అప్పటికి పన్నెండయింది. మిగతావాళ్ళు తిని ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. నేను పంచె ఎగ్గట్టి, గేజ్ తీసి, పోయిన పరువు కొంతైనా రాబడదామని ఆరో బోల్టు మీద పడ్డాను. నెట్టే బోల్టు పావు చుట్టు తిప్పాను. కాగితం ముక్క పెట్టి డ్రమ్ము తిప్పితే మడతపడింది. ఇంకో పావు తిప్పాను. ఈసారి కత్తి కత్తిని గీరింది. వెనక్కి తిప్పాను. మళ్ళీ మడత. ముప్పావుగంట గడిచింది. అక్క చీర కొంగు నడుముకి బిగించి చుట్టి, నా వెనక నిలబడి ఓపిగ్గా చూస్తోంది, కొత్త కోడలి వంట చూసే అత్తలాగా.

"సారు, మీరు జర డ్రమ్ము దిక్కు రాండ్రి. తిప్పుదురు."

ఆమె నా చోటులోకి వచ్చింది. నేను డ్రమ్ము పక్కన చేతిచక్రం దగ్గరికి వెళ్ళాను. ఆ క్షణం నుంచి నేను హెల్పర్‌ని. అంతటి హాయి ఉద్యోగంలో నాకెప్పుడూ దొరకలేదు.

ఆమె ఆరో బోల్టు జోలికి పోలేదు. ముందు నాలుగు, ఎనిమిది వదులు చేసింది. "రెండు పక్కల పట్టి గుంజితె నడుమ ఎట్ల సక్కగైతది" అని తనలో తను అనుకుంది. చివరల నుంచి నడుముకి వచ్చింది, ఒకటి ఇటు, ఒకటి అటు. ప్రతి చోటా ముందు వేలు, తర్వాత బోల్టు, తర్వాత టిష్యూ ముక్క.

"తిప్పుండ్రి."

తిప్పాను.

"ఆగండ్రి. యెనుకకు. ఆఁ, గట్లనే. మల్ల తిప్పుండ్రి."

ముక్క తెగలేదు. ఆమె బోల్టుని ఎంత తిప్పిందో నాకు కనపడలేదు. తిప్పలేదేమో అనుకున్నాను. మళ్ళీ డ్రమ్ము తిప్పితే టిష్యూ ముక్క గాలి తగిలినట్టు రెండయింది. సగం ఆమె వేళ్ళ మధ్య మిగిలింది, సగం నేల మీదికి తేలుతూ దిగింది. ఆమె ఆ మిగిలిన సగాన్ని వెలుగుకి పట్టి అంచు చూసి, పక్కన పెట్టింది. అలా పదకొండు సగాలు వరసగా పేర్చింది.

నాలుగున్నరకి అయిపోయింది. పెద్ద స్పానర్ నా చేతికిచ్చి పక్కనే నిలబడింది. నేను నట్టు బిగిస్తుంటే ఆమె పైకి లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు. పదకొండు దాకా. తర్వాత నన్ను నమ్మక మళ్ళీ ఒక్కోటీ తనే పట్టి చూసింది. చెప్పడానికి సిగ్గే గానీ, రెండు నట్లు ఇంకొంచెం బిగిశాయి.

ఐదింటి బండి పరుగెత్తి ఎక్కాం. పంచెతో పరుగెత్తడం గురించి వేరే రాయాలి.

శుక్రవారం పొద్దున అక్క ముదురునీలం పంజాబీ డ్రెస్‌లో వచ్చింది. దాని మీద మోచేతులదాకా మడిచిన మగవాళ్ళ చొక్కా, గుండీలన్నీ పెట్టి. చున్నీ లేదు. జుట్టు గుడ్డతో బిగించి కట్టుకుంది. బల్ల దగ్గర ఆడవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు పొడుచుకుని నవ్వారు. "పిక్నిక్ వెళ్తున్నావా అక్కా?" అని గుజరాతీలో ఒకామె. "ఆఁ, మీ దిక్కే వస్తున్న, అట్టలు పట్టుకో" అని ఈమె.

సేఠ్‌గారు కట్టర్ ఎదురుగా, నేల మీద గీసిన పసుపు గీత ఇవతల రెండు కుర్చీలు వేయించారు. ఒకటి ఆయనకి, ఒకటి నాకు. "సాహెబ్, మీరు ఇక్కడే. లేవకూడదు, సైగ చెయ్యకూడదు, దగ్గకూడదు" అన్నారు. నేను రెండు చేతుల మీదా కూర్చున్నాను.

ఎనిమిదింటికి ఆమె బటన్ నొక్కింది. చుట్ట కదిలింది. డ్రమ్ము తిరిగింది. మొదటి అట్ట తెగి బల్ల మీదికి జారింది, వెనకే రెండోది, తర్వాత లెక్క తెలియనన్ని. ఆమె డ్రమ్ము పక్కన తల కొంచెం వాల్చి నిలబడింది. కళ్ళు అట్టల మీద లేవు. వింటోంది.

నలభై నిమిషాలు బాగానే గడిచాయి. సేఠ్‌గారి ముఖంలో తెప్లా పంచే కళ మొదలైంది. అప్పుడు వినిపించింది, చాలా సన్నగా, చుట్టుకొకసారి. టిక్. టిక్. నా గుండె ఆ లయలోకి వెళ్ళిపోయింది. ఏం జరిగిందో నాకు వెంటనే తెలిసింది. బుధవారం ఆమె కత్తి సర్దినప్పుడు మిషన్ పొద్దుటి నుంచి తిరిగి వెచ్చగా ఉంది. నిన్న దసరా, మిషన్ చల్లగా ఉంది. చల్లటి మీద సర్దిన ఎడం, డ్రమ్ము వేడెక్కి ఉబ్బేసరికి మూసుకుపోతోంది. ఈ సంగతి టర్బైన్ల దగ్గర ముప్పై ఏళ్ళు పనిచేసినవాడు నిన్న చెప్పి ఉండాలి. ముప్పై ఏళ్ళ అనుభవం పంచె సర్దుకోవడంలో మునిగిపోయింది. చెబుదామంటే లేవకూడదు. దగ్గకూడదు కూడా.

అక్క తల ఇంకొంచెం వాల్చింది. చెయ్యి చాపింది. మిషన్ ఆపేసింది.

సేఠ్‌గారు కుర్చీలో ముందుకి వంగారు. "బంద్ కేమ్?" అన్నారు, ఎందుకాపావని.

"పది నిమిషాలు సేఠ్" అంది ఆమె హిందీలో, స్విచ్‌కి తాళం వేస్తూ. "కత్తి వేడెక్కింది. కొంచెం చోటు కావాలంటోంది."

సేఠ్‌గారు నా వైపు తిరిగి గొంతు తగ్గించారు. "పాత ఆపరేటర్ మధ్యలో ఎప్పుడూ ఆపేవాడు కాదు."

"అందుకే సేఠ్‌జీ, కింది కత్తి అంచు విరిగి రెండుసార్లు పళ్ళు కట్టించాల్సి వచ్చిందట" అన్నాను. మాట్లాడకూడదని ఆయన అనలేదు కదా.

ఆమె ఐదు, ఆరు, ఏడు నట్లు వదులు చేసింది. ఈసారి స్పానర్ నాకివ్వలేదు. తనే రెండు చేతులతో, కాలు తన్నిపట్టి, ఒళ్ళంతా బరువు వేసి తిప్పింది. బోల్టులు వెంట్రుకవాసి సర్ది, టిష్యూ పెట్టి, డ్రమ్ము చేత్తో తిప్పింది. తెగింది. మూడు చోట్లా తెగింది. నట్లు బిగించి, తాళం తీసి, గార్డు మూసి, బటన్ నొక్కింది. టిక్ లేదు. ఇంకో పావుగంట నడిపి, సేఠ్‌గారు చెయ్యి ఎత్తగానే ఆపింది.

ఇప్పుడు అసలు పరీక్ష. సేఠ్‌గారు బల్ల దగ్గరికి వెళ్ళి జానెడు ఎత్తు అట్టల దొంతర తీసుకున్నారు. సగం అలాగే ఉంచారు. మిగతా సగం బోర్లించి దాని మీద పెట్టారు. ఇది ఆయన తండ్రి నేర్పిన పద్ధతట. అట్ట ఏమాత్రం వంకరున్నా, తిరగేసి పెట్టినప్పుడు ఆ వంకర రెండింతలై అంచు బయటికి పొడుచుకొస్తుంది. దాచడానికి వీల్లేదు. ఆయన దొంతరని బల్ల మీద నాలుగువైపులా తట్టి, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, మూల దగ్గర బొటనవేలు పెట్టి కింది నుంచి పైకి నిదానంగా జరిపారు. మధ్యలో, బోర్లించిన అట్టలు మొదలయ్యే చోట, వేలు ఆగలేదు.

రెండో మూల. మూడు. నాలుగు. తర్వాత మిషన్ ఆపకముందు తెగిన అట్టలు అడుగు నుంచి లాగి అవీ చూశారు. వాటిలో చివరి కొన్నింటికి అంచు నడుమ ఇనుము గీరిన సన్నని నల్లమరక ఉంది. ఆపిన తర్వాతవాటికి లేదు. రెండూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశారు. అక్క చేతులు కట్టుకుని నిలబడి ఉంది. చొక్కా చేతి మీద నూనె మరక.

"బరాబర్ ఛే" అన్నారు, సరిగ్గా ఉందని.

ఇక నాకు కూర్చోవడం చేతకాలేదు. లేచి వెళ్ళి అంతా చెప్పేశాను. బిగించని నట్లు, నిమ్మకాయ, నిన్న మధ్యాహ్నం నుంచి సాయంత్రందాకా జరిగింది. ఎక్కాల సంగతి కూడా. ఒకసారి మొదలుపెడితే మధ్యలో ఆగడం నా వల్ల కాదు. సేఠ్‌గారు ముఖంలో ఏ కదలికా లేకుండా విన్నారు.

"అంటే సాహెబ్, ఇంజనీరు పాడుచేశాడు. లెక్కపెట్టే ఆమె బాగుచేసింది. అదీ రెండుసార్లు."

"అవును సేఠ్‌జీ."

"మరి పరీక్ష ఎవరిదయినట్టు?"

"ఇద్దరిదీ. నేను తప్పాను."

ఆయన పొట్ట ముందు కదిలింది, తర్వాత నవ్వు బయటికొచ్చింది. నవ్వుతూనే ఫోన్ తీసి అక్కడే నిలబడి నొక్కారు.

"హా భాయ్, సోమవారం రావద్దు. మనిషి దొరికింది. ఇక్కడే ఉంది, పన్నెండేళ్ళ నుంచి. పేరా? అక్కాబెన్." అవతలివాళ్ళు ఏదో అన్నారు. "కాదు, సరిగ్గానే విన్నావు."

అక్క ముఖం నేను చూశాను గానీ ఎలా ఉందో చెప్పలేను. ఒక్క క్షణం బల్ల మీది దొంతర వైపు చూసి, పై అట్ట అంచుని చేత్తో ఒకసారి నిమిరింది. తర్వాత మా ఇద్దరి మధ్య నుంచి దారి చేసుకుని డ్రమ్ము దగ్గరికి నడిచింది.

"చుట్ట ఇంక సగమున్నది. గీత అవతలికి పోండ్రి సారు. సేఠ్‌కు గూడ చెప్పుండ్రి."

చెప్పనక్కర్లేకపోయింది. ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని సేఠ్‌గారు ముందుగా గీత దాటారు, వెనకే నేను. ఆమె మా వైపు చూడలేదు. బల్ల వైపు చెయ్యి ఎత్తింది. అవతల ముగ్గురు ఆడవాళ్ళు చేతులు చాపి నిలబడ్డారు. డ్రమ్ము తిరిగింది.